ముంత కింద

"ముంత కింద అన్నాడు బాబూ. అంతే. ఆ రెండు మాటలే మిగిలినాయి ఆయన నోట్లో. నలబై ఏళ్ళు వర్క్‌షాప్‌లో బెంగాలీ మాటాడినాడు, హిందీ మాటాడినాడు, మిషను సామాన్లన్నిటికీ ఇంగ్లీషు పేర్లు సెప్పీవోడు. ఒక్క పూటలో అన్నీ ఎల్లిపోనాయి. నర్సు ఒచ్చి 'దాదూ, జోల్ ఖాబే?' అని, నీలు తాగుతావా అనడిగితే, ముంత కింద అంటాడు. డాక్టరు సెయ్యెత్తమంటే, ముంత కింద. ఏటి కావాల మావా, ఎక్కడ నొప్పి అని నానడిగితే, నా మొకం ఏపు సూసి, ముంత కింద. నువ్వు రాసుకుంటన్నావా?"

"రాసుకుంటున్నాను పిన్నీ."

"రాసుకో. సదువుకున్నోడివి గదా, సెప్పు. ఎవులైనా ముంత కింద అంటే నీకేటి తోస్తాది?"

ముంతంటే చిన్న మట్టికుండ. దాని కింద ఏముంటుంది, నేల ఉంటుంది. నాకు ఇంకేమీ తోచలేదు. అదే చెప్పాను.

"నాకూ అదే తోసింది," అంది అప్పలకొండ పిన్ని. "అదే నా కొంప తీసింది."

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ చివర, టోటోలనే బ్యాటరీ రిక్షాలు వెనక్కి తిరిగే సందులో ఆమె ఇల్లు. భర్త నూకరాజు రిటైరై రైల్వే క్వార్టర్ అప్పగించాక కట్టుకున్నది. రేకుల కప్పు, రెండు గదులు, ముందు చిన్న వసారా. ఈ ఊళ్ళో పాతవాళ్ళ మాటలు రాసుకుంటూ తిరగడం నాకు అలవాటు గనక ఆ వసారాలో చాలా మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ఇదివరకు చెప్పినవన్నీ వంటల కబుర్లే. ఈ ఏడాదిగా ఆమె వంట మాట ఎత్తడం లేదు. బియ్యం ఏరడం మాత్రం మానలేదు. షాపు బియ్యంలో ఇప్పుడు రాళ్ళుండవు. అయినా ఏరుతుంది.

ఆమె పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే. తండ్రి టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చి వర్క్‌షాప్‌లో సుత్తి పట్టినవాడు. ఆంధ్రా అంటే ఆమెకు పెళ్ళిళ్ళకీ చావులకీ రైల్లో వెళ్ళి మూడో రోజుకి తిరిగొచ్చే చోటు. అయినా ముప్పై ఏళ్ళపాటు ఇక్కడి తెలుగు బ్రహ్మచారులకి సొంతూరి రుచి ఆమె చేతిదే. రోజూ పదిహేను క్యారేజీలు కట్టి వర్క్‌షాప్ గేటుకి పంపేది. ఆవపెట్టిన పనసపొట్టు కూర, నెత్తళ్ళ వేపుడు, ఎండాకాలం చోడి అంబలి, అంటే రాగి అంబలి. మధ్యలో ఇద్దరు బెంగాలీ దాదాలు చేరితే వాళ్ళ కోసం గసగసాలు నూరి ఆలూ పోస్తో కూడా నేర్చుకుంది. తిరిగొచ్చిన క్యారేజీల అడుగున ఏం మిగిలిందో చూసి, తిన్నవాడి ఊరేదో, ఆ వేళ వాడి మనసెలా ఉందో కూడా చెప్పేసేది.

"ఈ ఊర్లో ఎవులి నోటికేటి కావాలో నాకు తెలుసు బాబూ" అని ఒకప్పుడు నాతోనే అంది. తారీఖుతో సహా నా పుస్తకంలో ఉంది ఆ మాట. ఆవేళ దాన్ని చదివి వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కొట్టీ," అంది.

నూకరాజు పుట్టింది ఇక్కడ కాదు, విశాఖపట్నం వన్‌టౌన్‌లో, ఓడరేవు దగ్గర. తండ్రికి ఇక్కడ ఖలాసీ పని దొరికితే, ఆరేళ్ళ వయసులో తల్లి పోలమ్మ కొంగు పట్టుకుని ఈ స్టేషన్‌లో దిగాడు. పోలమ్మ ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో గడ్డి చుట్టిన మట్టి ముంత తెచ్చుకుంది. అది నూకాలమ్మ ముంత, వాళ్ళ ఇంటి అమ్మవారు. ఏటా ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యకి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, బెల్లం పానకం పోస్తారు. క్వార్టర్లు మారినప్పుడల్లా పోలమ్మే స్వయంగా ఎత్తుకెళ్ళింది. ఈ ఇల్లు కట్టాక వంటగది మూల మట్టి గద్దె వేసి, అందులో ముంతని కుదిరించి, ఇక దీన్ని ఎవరూ కదపకూడదని కోడలికి చెప్పి, ఆ ఏడే పోయింది. ఆ ఇంట్లో ముంత అంటే అదొక్కటే.

"ఈయనకి మూడీ అంటే పేనం," అంది పిన్ని. మూడీ అంటే మరమరాలు. మేమంతా ఇక్కడ ఆ మాటే అంటాం. "సైరన్ కొట్టగానే గోల్‌బజార్ మీంచి రావాల, ఝాల్‌మూడీ పొట్లం తేవాల. ఇద్దరం ఈ గట్టు మీదే కూకుని తినీవోళ్ళం. పెళ్ళయిన కాడ్నుంచీ అంతే. ఆవనూనె, పచ్చి మిరపకాయ, కొబ్బరి ముక్క. బాగుంటాది గదా? సివర్దాకా తినీసి, కాయితం మడిసి, 'బాగుంది గాని కొండా, ఇది కాదు' అనీవోడు. ప్రతి పాలీ అదే మాట. 'ఇది కాదు.' నాను నవ్వీదాన్ని. ముసిలోడికి మూడీలో కూడా వొంకలే అనీదాన్ని."

చేటలో ఆమె వేళ్ళు ఆగాయి.

"మరి ఏది మావా అని ఒక్క పాలన్నా అడగాల గదా బాబూ? నలబై నాలుగేళ్ళు. పదిహేను మంది పరాయోళ్ళని, ఏటి తింతావు నాయినా అనడిగినదాన్ని. మొగుణ్ణి అడగనేదు. ఒకేళ కొత్తల్లో సెప్పినాడేమో. సెప్పే ఉంటాడు. నానే ఇననేదు."

నిరుడు శ్రావణంలో ఒక పొద్దున్న నూకరాజు పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. కుడి పక్క పోయింది, మాట పోయింది. ఆసుపత్రిలో ఎనిమిది రోజులుంచి, మెత్తగా ఉన్నది చెంచాతో పెట్టమని ఇంటికి పంపేశారు. మొదటి వారం గంజి మింగాడు. తర్వాత నోరు మూసేశాడు. చెంచా దగ్గరికి వస్తే పెదవులు బిగించి, ఎడం చెయ్యి గాల్లోకి లేపి, "ముంత కింద" అనేవాడు. అంబలి పెట్టినా, పెరుగన్నం పెట్టినా, పక్కింటావిడ సూసన్న సగ్గుబియ్యం జావ తెచ్చినా అదే.

ఆయన కోరిక ఏమిటో తెలిస్తే తింటాడని అప్పలకొండకి నమ్మకం. కొడుకు మోహనకృష్ణకి మాత్రం ఇంకో ఊహ వచ్చింది.

"అమ్మా, అయ్య ఏటో దాసినాడే. అది సెప్పకుండా ముద్ద మింగడు."

"ఏటి దాస్తాడ్రా? దాసుకోడానికి ఈయన కాడ ఏటున్నాది?"

"అది నాకేటి తెలుసు? ఎతుకు."

వెతికింది. బిందెలెత్తి చూసింది, బియ్యం డబ్బా జరిపింది, తులసి కుండీ కింద తవ్వింది. ప్రతిసారీ మంచం దగ్గరికొచ్చి, "నేదు మావా, ఏటీ నేదు" అని చెప్పేది. ఆయన కోపంగా తల అడ్డంగా తిప్పేవాడు. బాగున్న కంటిలోంచి నీళ్ళు కారేవి. కాసేపటికి గోడవైపు తిరిగిపోయేవాడు.

"ఆయన ఆకలని అడుగుతున్నాడు. నాను నేలల్లో ఎతుకుతున్నాను," అంది పిన్ని. "అదీ బాబూ మా సివరి కాపరం."

అడగగలిగిన వాళ్ళందరినీ అడిగింది. ఆ లైన్‌లో అందరూ శ్రీకాకుళం పల్లెల వాళ్ళు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. సూసన్న వాళ్ళ పెద్దలది కాకినాడ వైపు. ఎవరికీ తెలియలేదు. "వదినా, పిచ్చి మాటలకి అర్థాలు ఎతక్కు, ప్రార్థన చేసుకో" అంది సూసన్న. రైల్వే బడిలో ఆయాగా పని చేసి రిటైరైన మనిషి, ఎవరికైనా ధైర్యం చెప్పడం ఆమెకు అలవాటు. రోజూ సాయంత్రం వచ్చి, నూకరాజు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. పక్కన అప్పలకొండ నూకాలమ్మకి దణ్ణం పెట్టుకునేది.

ఇంక చూడనిది ఒక్క ముంతే మిగిలింది.

"తల మీంచి నీలోసుకున్నాను. అమ్మా, తప్పయితే నన్ను తిను, ఆయన్నొగ్గీ అని మొక్కుకుని, రెండు సేతులా పట్టి ఎత్తినాను. పై ముక్క నా సేతిలోకి ఒచ్చీసింది. అడుగు గద్దెలోనే ఉండిపోనాది. ఏళ్ళ తరబడి పానకంలో నానిపోయుంది గదా. గోకి తీసి సూసినాను. సీమల మట్టి. ఇంకేటీ నేదు." ఆమె చేటని పక్కన పెట్టింది. "ముక్కలు ఒడిలో ఏసుకుని ఎల్లి ఆయనకి సూపించినాను. ఇదిగో మావా, అత్త ముంత కూడా తీసీసినాను, కింద ఏటీ నేదు, ఇప్పుడన్నా నోరు తెరు అన్నాను. ఆయన ఆ ముక్కలు సూసినాడు. నన్ను సూసినాడు. ఇంక ఆ మాట అన్నేదు బాబూ. ఏ మాటా అన్నేదు. ఆరో నాడు ఎల్లిపోనాడు."

వసారా బయట ఎవరో టోటో హారన్ కొట్టారు. ఆమె అటు చూడలేదు. నేను రాసుకోవడం మానేశాను. "రాయి, రాయి," అంది.

విరిగిన అమ్మవారిని చెత్తలో వెయ్యకూడదు, పారే నీటిలో కలపాలి. కాసాయి నది దగ్గరే గనక బండి మీద తీసుకెళ్ళి కలిపేస్తానన్నాడు మోహనకృష్ణ. ఆమె ఒప్పుకోలేదు. ఏ సముద్రం ఒడ్డు నుంచి వచ్చిందో అక్కడే కలపాలంది. మార్గశిరంలో సూసన్నని తోడు తీసుకుని రైలెక్కింది. ముక్కలు పాత తువ్వాల్లో మూట కట్టి ఒళ్ళో పెట్టుకుంది.

విశాఖపట్నంలో ఆమె ఎప్పుడూ ఒక్క రోజు కూడా తిరగలేదు. కానీ అత్త చెప్పి చెప్పి ఆ ఊరి దారులు ఆమె తలలో ఉన్నాయి. వన్‌టౌన్‌లో పక్కపక్కనే మూడు కొండలుంటాయని చెప్పేది పోలమ్మ. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఓడల మీద వచ్చేవాళ్ళు తమ దేవుణ్ణి తాము వెతుక్కుని దణ్ణం పెట్టుకునేవారట. ఉన్నాయి మూడూ. సూసన్న చర్చి మెట్లెక్కి వచ్చింది. కురుపాం మార్కెట్ ఉంది. పసుపు కొమ్ముల వాసన అత్త చెప్పినట్టే ఉంది. గోనె మీద ఎండు నెత్తళ్ళు పోసుకుని ఒక ముసలామె కూర్చుంది. "ఏ ఊరమ్మా మీది, మాట మనలాగే ఉంది, మద్దెలో ఆ హిందీ ఏటి?" అనడిగింది. అప్పలకొండ ఆమెకి కూడా ముంత కింద సంగతి చెప్పబోయింది. ఇంతలో బేరం వచ్చింది.

బురుజుపేటలో పైకప్పు లేని గుడిలో అమ్మవారు ఉంది. అక్కడ ఎవరైనా స్వయంగా అమ్మవారికి పసుపు రాయవచ్చు. మార్గశిర గురువారం, వీధి నిండా జనం. ముంత విరగ్గొట్టినందుకు ఆ తల్లి కాళ్ళు పట్టుకుని తప్పు చెప్పుకోవాలని వచ్చింది అప్పలకొండ. వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు, మైల.

"మా దగ్గరికి రా వదినా, మా ప్రభువుకి మైలా గియిలా లేదు," అంది సూసన్న.

"నీకు మెట్లెక్కి మోకాళ్ళు పట్టీసినాయి గాని నోరు పట్టీనేదు," అంది అప్పలకొండ. ఆ రెండు రోజుల్లో వాళ్ళు నవ్వింది అప్పుడొక్కసారే.

సాయంత్రం ముక్కలు కలపడానికి బీచికి వెళ్ళారు. మూట విప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళ వైపు నడుస్తుంటే వెనక నుంచి కేక వినబడింది. ముంత కింద పప్పూ. ముంత కింద పప్పూ.

"నా కాళ్ళు ఇసకలో దిగిపోనాయి. ఎనక్కి తిరిగినాను. మెడకి తట్ట ఏలాడేసుకుని ఒకడు. ఏటన్నావు నాయినా అన్నాను. 'ముంత కింద పప్పమ్మా. కారం ఎయ్యమంటావా?' అన్నాడు. ముంతేదీ అన్నాను. ఆడు నన్ను ఎర్రిదాన్ని సూసినట్టు సూసినాడు. తట్టలో ఏపిన సెనగలూ బఠానీలూ కుప్ప పోసున్నాయి. కుప్ప మీద ఇంత ముంత. ముంతలో నిప్పులు. పప్పులు సల్లారకుండా అలగెడతారంట. ముంత పక్కకి జరిపినాడు. దాని కిందోవి తీసి, మరమరాలూ ఉల్లిపాయా నిమ్మకాయా కలిపి, కాయితంలో సుట్టి నా సేతిలో ఎట్టినాడు. కాలిపోతన్నాది బాబూ సెయ్యి."

ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"ఉన్నాది. ముంత కింద ఉన్నాది. ఆయనకి మతి పోనేదు. సక్కగా, పేరెట్టి అడిగినాడు. సివరి ముక్క ఒక్కటి నోట్లోంచి రానేదు. పప్పు అన్న ముక్క. అది ఒచ్చుంటే, పోనీ పప్పన్నా ఒండి ఎట్టీదాన్ని. ఆరేళ్ళ గుంటడికి ఆళ్ళమ్మ కొనిపెట్టిన తిండి అది. అది అడిగితే నాను ఆళ్ళమ్మ ముంత పగలగొట్టి తెచ్చి మొకం ముందెట్టినాను."

ఆమెని ఊరడించాలని అన్నాను. "పిన్నీ, తెలిసినా ఆయన నమల్లేకపోయేవారు. గంజికే పొరపోయేదని నువ్వే చెప్పావు."

"నమల్లేడు. నాకు తెలీదా? సేతిలో ఎట్టుంటే సాలు. ఏడి తెలిసీది. ఆసన సూసీవోడు. అర్థమైంది మావా అని నానొక్క మాట అనుంటే సాలు. నలబై నాలుగేళ్ళు కాపరం సేసి, ఒక్క మాట అర్థం సేసుకోకుండా పంపీసినాను. ఆయన కూడా అదే అనుకుని ఎల్లుంటాడు, దీనికి నా మాట తెలీదు అని."



ఆ పొట్లం ఆమె తినలేకపోయింది. స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చింది. పలాస దాటేసరికే మెత్తబడిపోయింది. ఇంటికొచ్చి నూకరాజు ఫోటో ముందు పెడితే ఏముంది, చల్లారిన మరమరాలు. సూసన్న పెనం మీద వేడి చేసింది, మాడిపోయాయి. తర్వాత ఆమే స్వయంగా చేయబోయింది. గోల్‌బజార్‌లో కొత్త ముంత కొంది, సెనగలు వేయించింది, కుంపటి నిప్పులు ముంతలో పోసింది, ఇక్కడి మూడీయే కలిపింది. ఊరంతా మెచ్చిన చెయ్యి. ఒక గుప్పెడు నోట్లో వేసుకుని నమిలింది.

"ఇది కాదు," అంది నాతో. "ఆయన మాట నా నోట్లోంచే ఒచ్చింది. ఇది కాదు."

ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె వంట చేయడం లేదు. కోడలు చేస్తుంది. ఉప్పు చూడమని కోడలు అడిగితే, నా నోటికి తెలీదమ్మా అంటుంది.

ఇన్ని మధ్యాహ్నాల్లో ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదో, ఆవేళ ఎందుకు చెప్పిందో వెంటనే అర్థం కాలేదు. వచ్చే నెల మా అక్క కూతురి పెళ్ళికి విశాఖపట్నం పక్కన గాజువాక వెళ్తున్నానని వచ్చీరాగానే నేనే అన్నాను. అది మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. లేచి లోపలికి వెళ్ళి, పాత తువ్వాలు మూటతో వచ్చింది. ఆమె కదిలితే లోపల పెంకులు గలగలమన్నాయి.

"ఇదేమిటి పిన్నీ? కలపలేదా?"

"మరిసిపోనాను బాబూ. ఆ కేక ఇన్నాక ఏటి సేసినానో నాకు తెలీదు. ఆ పొట్లం పట్టుకుని, అమ్మోర్ని మళ్ళీ ఒళ్ళో ఎట్టుకుని ఎనక్కి ఒచ్చీసినాను. సూసన్న కూడా సూడనేదు." మూట నా చేతిలో పెట్టి, దాని మీద తన చెయ్యి అలాగే ఉంచింది. "పెళ్ళింటికి ఇది పట్టుకెళ్ళమంటన్నాను, తప్పే. ఇంట్లోకి తీసికెళ్ళకు. రైలు దిగి తిన్నగా సముద్రం కాడికెల్లు. భాద్రపదంలో సంవత్సరీకం. ఆకులో ఆయనకి ఇష్టమైనవి ఎట్టాల. మోహనం అడుగుతున్నాడు, అయ్యకేటి ఇష్టమే అని. ఏటి సెప్పను? పొట్లం తెమ్మని నిన్నడగను, అది రైల్లో రాదు. ముందు అమ్మోర్ని నీలల్లో ఒగ్గు. మోకాలి దాకా దిగి ఒగ్గు, ఒడ్డున పారీకు. అప్పుడా తట్టోణ్ణి పిలు. మాట మొత్తం సెప్పు, ముంత కింద పప్పు అని. ముంత జరపమను, అడుగునుంచి తియ్యమను, పైవి వొద్దను. ఆయన పేరు తల్సుకుని అక్కడే నిలబడి నువ్వు తిను. ఏడిగా ఉన్నప్పుడే తిను. సగంలో ఒగ్గీకు నాయినా. ఎల్లు, టోటో తిరుగుతున్నాది."